గట్టు మీద రెండు నిమిషాలు

(రైతు సంఘం మండల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి మాట్లాడాల్సిన చోట ఊపిరి గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన అడిగేశారు కూడా: "గాలి పీలిస్తే అప్పు తీరుతుందా అబ్బాయ్?"

తీరదు. అప్పు తీరాలంటే పంటకు ధర రావాలి. కౌలు రైతుకు బ్యాంకు రుణం అందాలి. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చినా, యజమాని సంతకం పెట్టక కార్డు దక్కని కౌలుదార్లు మన మధ్యే కూర్చున్నారు. అది పోరాడి సాధించుకోవాల్సిందే. కానీ పోరాడే మనిషి నిలబడి ఉండాలి కదా. నేను చెప్పేది దాని గురించి.

నా సంగతే చెబుతాను. ఒక ఏడాది పత్తి తీసుకుని కొనుగోలు కేంద్రానికి వెళ్లాను. తేమ ఎక్కువుంది, తీసుకోం అన్నారు. నాకు కోపం నషాళానికి అంటింది. నాలుగు మాటలు తిట్టి, బండి తిప్పి, గేటు బయట వ్యాపారి అడిగిన రేటుకే ఇచ్చేసి వచ్చాను. తేమ 8 శాతం వరకు పూర్తి ధర, ఆపైన 12 శాతం దాకా కోతతో కొంటారని నాకు తెలుసు. మీటరు చూపించమని అడగొచ్చు. ఒక రోజు ఆరబోసి మళ్లీ తేవచ్చు. తెలిసినవేవీ ఆ పూట గుర్తు రాలేదు. ఆ ఒక్క కోపం ఖరీదు నాకు ఇంటికి వెళ్లాక లెక్క వేస్తే తెలిసింది.

కోపం, భయం వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఊపిరి వదిలేటప్పుడు మాత్రం గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే వదలడం పొడిగిస్తే ఒళ్లు కుదుటపడుతుంది. ఇందులో మంత్రం లేదు, ఖర్చు లేదు.

చేసే పద్ధతి ఇది. గట్టు మీద కూర్చోండి, నిలబడినా సరే. ఒక చేయి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఇలా పదిసార్లు. రెండు నిమిషాలు కూడా పట్టదు. మనసు వడ్డీ మీదికి పోతే పోనివ్వండి, మళ్లీ లెక్కలోకి తెచ్చుకోండి. కళ్లు మూసుకుంటే దిగులు ఎక్కువయ్యేవాళ్లు కళ్లు తెరిచి, కాళ్ల కింద నేలను గమనిస్తే చాలు. మందు కొట్టిన చేలో మాత్రం వద్దు. ఇంటికి వచ్చి కడుక్కున్నాకే. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే ఇది వైద్యం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఎప్పుడు చేయాలి? కరెంటు వచ్చిందని చీకట్లో పరుగెత్తి స్టార్టరు మీద చేయి వేసే ముందు ఒక్క ఊపిరి. చేయి తడిగా ఉందా, కాళ్లకు చెప్పులున్నాయా అని అప్పుడు కనబడుతుంది. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టే ముందు మూడు. అప్పులవాడి ఫోను ఎత్తే ముందు మూడు. ఇంట్లో ఆడవాళ్ల మీద అరవబోయే ముందు అయిదు.

ఇక చెప్పక తప్పని మాట. మన పల్లెల్లో పురుగుమందు డబ్బా ఇంట్లోనే, చేతికందే దూరంలో ఉంటుంది. చావాలన్న ఆలోచన చాలామందిలో కొద్దిసేపే తీవ్రంగా ఉంటుంది. ఆ కాసేపు దాటితే మనిషి దక్కుతాడు. పారాక్వాట్ లాంటి కలుపు మందుకు విరుగుడే లేదు, తర్వాత పశ్చాత్తాపపడ్డా ఫలితం ఉండదు. అందుకే మందులు పెట్టెలో పెట్టి తాళం వేయండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. అలాంటి ఆలోచన వస్తే ఊపిరితో సరిపెట్టుకుని ఒంటరిగా కూర్చోకండి. పక్కింటి తలుపు తట్టండి, సంఘం మనిషిని పిలవండి. 14416కి ఫోను చేయండి. టెలీ మానస్ వాళ్లు రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులు పడవు. పక్కవాడు నాలుగు రోజులుగా రచ్చబండకు రాకపోతే మనమే వెళ్లి పలకరిద్దాం.

ఓపిక పట్టి ఊరుకోమని నేను చెప్పడం లేదు. నెమ్మదించిన మనిషే కాగితం చదువుతాడు, మీటరు అడుగుతాడు, పదిమందిని కూడగడతాడు. ఇప్పుడు అందరం కలిసి పదిసార్లు చేద్దాం. ఆ తర్వాత ధరల తీర్మానం మీద చర్చ మొదలుపెడదాం.