వాటాదారుకు లెక్క, రైతుకు ఫొటో!

(ఉట్నూర్‌లో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక వానాకాలం మా ఊళ్లో కొందరం పెట్టిన పత్తి గింజలు సగానికి సగం మొలవలే. డీలర్‌ను అడిగితే వాన తక్కువైందన్నడు. పక్క చేన్ల పడ్డ వానే మా చేన్లనూ పడ్డది. మా పిల్లగాడు ఫోన్‌లో ఆ కంపెనీ వెబ్‌సైట్ తెరిచిండు. నవ్వే రైతు ఫొటో ఉంది, దిగుబడి మీద గొప్పలున్నయి. ఆ లాటుకు మొలక ఎంత శాతం వచ్చింది, ఏ నేలల్ల వేసి చూసిండ్రు అన్న ముచ్చట మాత్రం లేదు. వాటాదారుల పేజీ తెరిస్తే మూడు నెలలకోసారి లాభనష్టాల లెక్కలు, డైరెక్టర్ల జీతాలు, అన్నీ ఉన్నయి.

వాటాదారూ పైసలు పెట్టిండు, మనమూ పెట్టినం. ఎందుకీ తేడా?

మొదటి కారణం చట్టం. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ ఏమేం వెబ్‌సైట్‌లో పెట్టాలో సెబీ 2015 నిబంధనలు చెప్తయి. మార్కెట్‌లో లేని కంపెనీకి అవి వర్తించవు. విత్తన కంపెనీలు ఎక్కువ అట్లాంటివే.

రెండోది కంపెనీ సైజు. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణం, కార్మికులు, సమాజం గురించి కూడా నివేదిక ఇయ్యాలె. చిన్న కంపెనీకి ఆ బాధ లేదు.

మూడోది జనం ఒత్తిడి. గ్లైఫోసేట్ గడ్డిమందు మీద 2017లో యూరప్‌లో పది లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టిండ్రు. దాంతో చట్టం మారింది. మందులకు అనుమతి కోసం కంపెనీలు ఇచ్చే పరిశోధనలను 2021 మార్చి నుంచి అక్కడి ఆహార భద్రతా సంస్థ అందరికీ కనబడేటట్టు పెడుతున్నది. అడిగిండ్రు గనుకనే తలుపు తెరుచుకున్నది.

అయితే వెబ్‌సైట్‌లో ఉన్నదంతా నిజమని నమ్మొద్దు. సత్యం కంప్యూటర్స్ షేర్ మార్కెట్ కంపెనీయే, ఆడిటర్ల సంతకాలున్న లెక్కలే. 2009 జనవరి 7న లేని పైసలు ఉన్నట్టు చూపించినమని ఛైర్మనే లేఖ రాసి ఒప్పుకున్నడు. చెప్పుడు ఒకటి, దాన్ని తనిఖీ చేసుడు ఇంకొకటి. రెండూ కావాలె.

సర్కారు సంస్థల మీద మనకు పట్టు ఉంది. పత్తి కొనే సీసీఐకి, సింగరేణికి సమాచార హక్కు చట్టం వర్తిస్తది. 2005 నాటి ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకముందే వివరాలు బయటపెట్టాలె. స్థానిక భాషను లెక్కలోకి తీసుకోవాలని కూడా అందులో ఉంది. గోండి, లంబాడీ, మరాఠీ, తెలుగు మాట్లాడే మన ఏజెన్సీలో ఇంగ్లిష్ పీడీఎఫ్ పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు.

ప్రైవేటు విత్తన కంపెనీల నుంచి మనం మూడు అడుగుదాం. లాటు వారీగా మొలక శాతం, ఏ నేలల్ల ఎంత దిగుబడి వచ్చింది, వచ్చిన ఫిర్యాదులెన్ని, ఇచ్చిన పరిహారమెంత. ఇవి తెలుగులో వెబ్‌సైట్‌లో పెట్టాలె, డీలర్ దుకాణం ముందర అంటించాలె. పెట్టకపోతే అమ్మకానికి లైసెన్సు ఇయ్యొద్దని సర్కారును అడుగుదాం.

అప్పటిదాకా బిల్లు, ప్యాకెట్, దాని మీది లేబుల్ పారెయ్యకుండ్రి. కొన్ని గింజలు కూడా దాచి పెట్టుండ్రి. రేపు సాక్ష్యం అవే.

కంపెనీ ఎవరికి జవాబు చెప్పక తప్పదో వాళ్లకే చెప్తది. ఆ వరుసలో మనమూ నిలబడాలె.