రాగి తీగ పోయి గాజు తీగ వచ్చె

మన ఊళ్లకు ఇంటర్నెట్టును మొదట మోసుకొచ్చింది టెలిఫోను రాగి తీగ. ఇప్పుడు దాన్ని పక్కకు తప్పించి ఫైబర్, అంటే గాజు తీగ, ఇళ్లలోకి వస్తున్నది. ఒకటి ఎందుకు వెనకబడింది, రెండోది ఎందుకు నెగ్గింది, ఈ మార్పులో మనం దేన్ని పోగొట్టుకోకూడదు? నంద్యాల జిల్లా అవుకు మండలాన్ని కళ్లముందు పెట్టుకుని ఈ సంగతులు చెప్పుకుందాం.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలిరోజుల్లో అది మహానగరాల సౌకర్యం. కంప్యూటరుకు మోడెం తగిలించి, ఫోను లైను మీద నంబరు కలిపితే, కీచుమనే శబ్దాల తరువాత నెట్టు వచ్చేది. దాన్నే డయలప్ అన్నారు. నెట్టు నడిచినంతసేపూ ఇంటి ఫోను ఎంగేజే. అందులో బాగా మెరుగైన మోడెం వేగం కూడా సెకనుకు 56 కిలోబిట్లే. ఇప్పుడు సెల్‌ఫోనులో తీసే 5 మెగాబైట్ల ఫొటో ఒక్కటి ఆ వేగంతో దిగాలంటే దాదాపు 12 నిమిషాలు పడుతుంది.

2000 అక్టోబరు 1న ప్రభుత్వ టెలిఫోను సంస్థ బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, కనీసం 256 కిలోబిట్ల వేగం ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలన్నది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ సేవ ‘డేటావన్’ వచ్చింది. తీగ పాత రాగి తీగే, పనితీరు మాత్రం కొత్తది. మనిషి మాటకు తక్కువ పౌనఃపున్యాలు చాలు. అంతకు పైన ఖాళీగా ఉన్న వాటి మీద నెట్టు నడిపించారు. అందువల్ల అమ్మ ఫోనులో మాట్లాడుతుంటే కొడుకు నెట్టు చూసుకునే వీలు కలిగింది. డయలప్ అక్కడితో వెనకబడింది.

అయితే రాగికి దూరమంటే గిట్టదు. ఎక్స్ఛేంజి నుంచి పోయేకొద్దీ సంకేతం బలహీనమవుతుంది, వేగం తగ్గుతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే నెట్టు నిలవడమే కష్టం. కాలువ మొదట్లో ఉన్న మడికి పారినట్లు చివరి మడికి నీళ్లు పారవు కదా, ఇదీ అంతే. వానొచ్చి జాయింటులో తడి చేరితే గరగర మొదలయ్యేది. రోడ్డు తవ్వితే కేబులు తెగేది. రాగికి వెల ఉంది గనుక దొంగల భయమూ ఉండేది. మండల కేంద్రాలకు దూరంగా విసిరేసినట్లుండే మన పల్లెలకు ఆ సేవ సరిగా అందకపోవడానికి మూలకారణం ఈ దూరమే.

గాజు తీగ ఈ చిక్కును విప్పింది. గాజులోంచి వెలుగును చాలా దూరం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో తన పరిశోధనలో చూపించాడు. అందుకు 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేటి గాజు తీగలో కిలోమీటరు పోయిన తరువాత కూడా వెలుగులో 90 శాతానికి పైగా మిగిలే ఉంటుంది. ఎక్స్ఛేంజి నుంచి 20 కిలోమీటర్ల దాకా ఒకే పోగు పంపి, మధ్యలో కరెంటు అక్కరలేని చిన్న పెట్టెతో దాన్ని పదుల ఇళ్లకు పంచవచ్చు.

గాజులో విద్యుత్తు ప్రవహించదు. అందుకే ఈ తీగను కరెంటు స్తంభాల మీదనే లాగవచ్చు, రోడ్లు తవ్వనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ చేసింది అదే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు. నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయల ప్యాకేజీతో, సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో మొదలైంది. ఇందాక 12 నిమిషాలు పట్టిన ఫొటో ఆ వేగంతో మూడు సెకన్లలోపే దిగుతుంది. ఊళ్లో కేబుల్ టీవీ నడిపేవారే ఈ తీగను ఇంటి గడప దాకా తెచ్చారు. బీఎస్ఎన్ఎల్ కూడా రాగి లైన్ల చోట ఫైబర్ ఇస్తున్నది.

అవుకు చుట్టుపక్కల నాపరాయి మీద బతికే కుటుంబాలు ఎన్నో. రాయి రంగు, నునుపు ఫోనులోనే చూపి దూరప్రాంతపు వ్యాపారితో బేరం కుదుర్చుకోవాలంటే నిలకడైన నెట్టు కావాలి. ఆన్‌లైన్ క్లాసు వినే పిల్లకూ, గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టే రైతుకూ అదే అవసరం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక సెల్‌ఫోనే చాలనుకున్నవారు చాలామంది. కానీ టవరు వేగాన్ని ఆ చుట్టుపక్కల అందరూ పంచుకోవాలి. పైగా ఆ టవరుకు కూడా వెనక గాజు తీగ ఉంటేనే అసలైన వేగం.

రాగి తీగలో మాత్రం ఒక గొప్ప గుణముండేది. ల్యాండ్‌లైనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే, 48 వోల్టులు, ఆ తీగ వెంటే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇంట్లో పెట్టే ఫైబరు పెట్టెకు మాత్రం ఇంటి కరెంటే ఉండాలి. గాలివానలో కరెంటు పోతే నెట్టూ, దాని మీద నడిచే ఫోనూ రెండూ ఆగుతాయి. అర్ధరాత్రి అంబులెన్సును పిలవవలసిన ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అందుచేత ఫైబర్ పెట్టించుకునేవారికి నా మనవి. ఆ పెట్టెకు చిన్న బ్యాటరీ బ్యాకప్ తప్పక అమర్చుకోండి. పాత ల్యాండ్‌లైను నంబరును అలాగే ఉంచుకునే వీలుందేమో అడిగి తెలుసుకోండి. పంచాయతీ పెద్దలు బడికీ, ఆసుపత్రికీ, సచివాలయానికీ కనెక్షను ఉందా, పనిచేస్తున్నదా అని చూడాలి. వేగం ఒక్కటే చూసి కొత్త సాంకేతికతకు మార్కులు వేయకూడదు. మండలంలోని చివరి ఇంటికి అది చేరాలి, కరెంటు లేని రాత్రి కూడా పలకాలి. అప్పుడే అది పాతదానికంటే మేలైనది.