రూట్ కెనాల్ అయిన తరువాత పది దినాలు

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం కాగానే పంటి నొప్పి సంగతి చెప్పమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. ఆదాయ వ్యయాలు సిద్ధాంతిగారు చెప్పారు. ఇక ఈ ఏడు చెక్కలూ జంతికలూ నమిలే యోగం ఎవరికి వున్నదో చెప్పడం నా వంతు కాబోలు!

ముందుగా నా తప్పొకటి మీ ముందు ఒప్పుకుంటాను. నేను ఈ బెంగుళూరులోనే పుట్టి, ఇక్కడే చదువుకొని దంతవైద్యుణ్ణి అయినవాణ్ణి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, నాకు వచ్చినది అన్నం, నీళ్ళు అడిగేటంత తెలుగు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, అనంతపురం వైపు నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మగారికి రూట్ కెనాల్ చేశాను. మూడోనాడు ఆమె ఫోను చేసి, "సలుపుతాంది నాయనా, రాత్రంతా కన్ను మూతపడలే" అన్నది. సలుపు అంటే ఏమిటో నాకు తెలియలేదు. కన్నడంలో 'హల్లు నోవు' అంటామే, అదే అనుకొని, "నొప్పి మామూలేనమ్మా, మాత్ర వేసుకోండి" అని చెప్పాను. మరి రెండు రోజులకు దవడ వాచి వచ్చింది. చీము తీసి పన్నును నిలబెట్టగలిగాను గాని, ఆ రెండు రాత్రుల బాధ మాత్రం నా ఖాతాలోనే వున్నది.

ఆనాడు ఇంటికి వెళ్ళి మా అమ్మను అడిగాను. జివ్వుమనడం వేరు, పోటు వేరు, సలుపు వేరు అని ఆమె విడమరచి చెప్పింది. నా పుస్తకాలలో పేజీలకొద్దీ వున్న భేదాలు మా అమ్మ నోట మూడు మాటలలో వచ్చినవి. ఈనాటి నా ప్రసంగం ఆ మూడు మాటల మీదనే.

పన్ను పైకి రాయిలాగా కనిపిస్తుంది గాని, దాని నడుమ మెత్తని గుజ్జు వున్నది. అందులో నరాలు, రక్తనాళాలు వుంటవి. పుచ్చు లోతుకు దిగి ఆ గుజ్జును పట్టుకుంటే అది తనంతట తాను మానదు. అప్పుడు పన్ను పీకించుకోవాలి, లేదా రూట్ కెనాల్ చేయించుకోవాలి. వేళ్ళలోని సన్నని కాలువలను శుభ్రపరచి, మందునీళ్ళతో కడిగి, గట్టాపెర్చా అనే పదార్థంతో నింపడమే ఈ వైద్యం. దవడ పన్నులో సాధారణంగా మూడు నాలుగు కాలువలుంటవి. గట్టాపెర్చా అనేది మలయా ప్రాంతపు చెట్ల పాలనుంచి వచ్చే వస్తువు. 1851లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రం అడుగున వేసిన తంతి తీగెకు నీరు తగలకుండా తొడిగినది కూడా ఇదే. పంటి వేరులోనూ దాని పని అదే. బయటి తడినీ, క్రిములనూ లోపలికి పోనివ్వదు.

నరం తీసేసిన తరువాత నొప్పి ఎందుకు రావాలి అని చాలామంది అడుగుతారు. పంటిలోని నరం పోయినా, వేరు కొనను ఆనుకొని వున్న ఎముకలోనూ, కండలోనూ నరాలున్నవి. అక్కడ అంతకుముందే వాపు వున్నది. మన పనిముట్లు తగిలి అది మరి కొంచెం రేగుతుంది. అందుచేత కొరికితే నొప్పి, వేలితో తడితే నొప్పి. ఇది మొదటి రెండు రోజులు హెచ్చుగా వుండి, వారం పది దినాలలో తగ్గిపోతుంది. దీనికి బెదరవలసిన పని లేదు.

ఇంటికి వెళ్ళిన మొదటి పూట జాగ్రత్తలు చెబుతాను. సూదిమందు తిమ్మిరి 2 నుంచి 4 గంటలు వుంటుంది. అంతవరకు ఏదీ నమలరాదు. నమిలితే పెదవినో, బుగ్గనో, నాలుకనో కొరుక్కుంటారు, తెలియను కూడా తెలియదు. వేడి కాఫీ వద్దు. డాక్టరు రాసిన నొప్పిమాత్రను, తిమ్మిరి పూర్తిగా విడవకముందే, చల్లారిన పాలో మజ్జిగో తాగి వేసుకోవడం మంచిది. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం వున్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భవతులు ఆ సంగతి ముందుగానే డాక్టరుకు చెప్పాలి. మాత్రను చిగురు మీద పెట్టుకోకండి. లవంగ నూనె పోయకండి. రెండూ చిగురును కాలుస్తవి. చెంప మీద చన్నీళ్ళ గుడ్డ 15 నిమిషాలు వుంచి తీయడం, రాత్రి తలగడ ఎత్తుగా పెట్టుకోవడం హాయినిస్తుంది. మరునాటి నుంచి గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి మెల్లగా పుక్కిలించండి. పళ్ళు తోముకోవడం మానవద్దు. పొగ, వక్క, జర్దా మాత్రం మానండి.

మిగిలిపోయిన యాంటీబయోటిక్ మాత్రలు ఇంట్లో వున్నవి గదా అని వేసుకోకండి. వాపూ జ్వరమూ లేని నొప్పికి వాటివల్ల ఒరిగేది లేదు.

ఆహారం సంగతి మన ఇళ్ళల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. పెరుగన్నం, ఇడ్లీ, ముద్దపప్పు, బాగా ఉడికిన పొంగలి చాలును. ఈ సీమలో స్థిరపడినందుకు మనకు మరొక లాభం. రాగిముద్దను ఇక్కడివారు నమలరు, పులుసులో ముంచి మింగుతారు. చల్లార్చి తింటే నొప్పి పంటికి అంతకంటె మంచి భోజనం లేదు. మధుమేహం వున్నవారు నొప్పి అని పస్తుండి మందు మాత్రం వేసుకోరాదు. ఉగాది పచ్చడి నిరభ్యంతరంగా తినవచ్చు, మామిడి ముక్కలు సన్నగా తరిగితే సరి. బొబ్బట్టు రెండో వైపు నమలండి. చెక్కలు, జంతికలు పంటికి తొడుగు వేసేదాకా ఆగవలసిందే.

ఇప్పుడు ఆ మూడు మాటలకు వస్తాను. చల్లనిది తగిలి జివ్వుమంటే, నరం తీసిన పన్ను అట్లా అనరాదు గనుక, పక్క పన్నో, మిగిలిపోయిన కాలువో చూడవలసి వుంటుంది. కొరికినప్పుడు మాత్రమే పోటు వస్తే సాధారణంగా మామూలే. కాని ఆ పన్నే అన్నిటికంటె ముందుగా తగులుతుంటే సిమెంటు ఎత్తుగా వున్నదన్నమాట. అయిదు నిమిషాలలో అరగదీస్తారు. మూడు రోజులు దాటినా ఏమీ కొరకకుండానే సలుపుతూ, రోజురోజుకూ హెచ్చుతుంటే, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా ఆగరాదు. మింగడం గాని ఊపిరి గాని కష్టమైతే రాత్రి అయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి.

చివరి మాట. నొప్పి పోయింది గదా అని మిగిలిన వైద్యం ఎగగొట్టేవారు మనలో ఎక్కువ. లోపల పెట్టిన తాత్కాలిక సిమెంటు కొద్ది వారాలకే. అది ఊడితే ఉమ్మితోబాటు క్రిములు మళ్ళీ దిగుతవి. పుచ్చిన మేర తీసివేయగా మిగిలిన దవడ పన్ను గుల్ల గోడ వంటిది, తొడుగు లేకపోతే నిలువున చీలుతుంది. వేరుదాకా చీలిన పన్నును పీకడం తప్ప గతి లేదు. నొప్పి పోవడంతో సగం పని అయినట్లు, తొడుగు వేయడంతో పూర్తి అయినట్లు.

తల్లులారా! ఇక్కడ పుట్టిన మీ మనుమలకు పాటలూ పద్యాలూ నేర్పుతున్నారు, సంతోషం. సలుపు, పోటు, జివ్వుమనడం కూడా నేర్పండి. రేపు డాక్టరు ముందు మీ నొప్పిని కన్నడంలో చెప్పవలసినది వాళ్ళే. మనుమడికి ఆ మాట తెలిసివుంటే మీకు రెండు రాత్రుల నిద్ర దక్కుతుంది. నాకు తెలియక ఒక పెద్దమ్మకు దక్కలేదు.