సముద్రము ముందుకు వచ్చినపుడు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రములో కలియు చోటికి చేరువనున్న పొడంపేట మీరెరిగిన పల్లెయే. అచ్చటివారు తరతరములుగా తెలుగు మాటలాడు జాలరులు. అలలు తీరమును కోసివేయగా ఇండ్లు కూలినవి. చాల కుటుంబములు లోపలి నేలకు తరలినవి.

ఇది ఆ ఒక్క పల్లె గోడు కాదు. 1901 మొదలు 2018 వఱకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. నీరు వేడెక్కి వ్యాకోచించుట, మంచు కరగుట ఇందులకు ముఖ్య కారణములు. అయితే కోతకు మట్టమొక్కటే హేతువు కాదు. తీరము వెంబడి సాగు ఇసుకకు రాతికట్ట అడ్డుపడినచో ఒకవైపు మేట వేయును, రెండవవైపు కోత పడును. కావున గోడ ఒక ఊరిని కాచినను, పొరుగూరికి చేటు తేవచ్చును.

చెట్టు అట్టిది కాదు. 1999 నాటి పెనుతుపానులో కేంద్రపడా జిల్లాలో మడ అడవుల వెనుకనున్న ఊళ్లలో ప్రాణనష్టము తక్కువగా నుండెనని 2009లో వెలువడిన పరిశోధన తెలిపినది.

కాని ఊరు విడువక తప్పని చోట్లును గలవు. ఆ జిల్లాలోనే సాతభాయా పల్లెలను సముద్రము ఒకదాని వెనుక నొకటిగా మ్రింగినది. 2018లో 571 కుటుంబములను బాగపాటియాకు తరలించిరి. జాలరి స్త్రీలు అర్చించు పంచువరాహీ దేవతను గూడ ఆ యేడే అచ్చటికి చేర్చిరి. ఇల్లు దొరికినంత మాత్రమున ఊరు కాదని ఆ జనులకు తెలియును.

జాలరి అలల తీరు చూచి పడవ తీయవలెను. వల ఆరవేయుటకు ఇసుక కావలెను. ఇల్లు దూరమైనచో వృత్తి భారమగును. బడి దూరమైనచో మొదట చదువు మానునది ఆడపిల్ల. బడిలో మన భాష లేనిచో మనుమల తరమునకు అదియు మరుగగును.

కనుక తరలింపు మాట వచ్చిననాడే ఇండ్ల స్థలముతోబాటు పడవల రేవునకు దారిని, తెలుగు బోధించు బడిని అడుగుడు. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ఇది యాచన కాదు.

మఱియొక మనవి. ఈ సెలవులలో అవ్వతాతల నోటినుండి పాత ఊరి వీధుల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు మీ పిల్లలచే వ్రాయింపుడు. ఆ పుస్తకములను మన బడిలో భద్రపఱుతము. తీరము చెరిగిపోయినను, అవి మన బిడ్డలకు మిగులును.