ఒక్కపొద్దు - మెదడు - జ్ఞాపకశక్తి
(ప్రసంగ పాఠము)



ఏకాదశినాడు ఉపవాసము, కార్తిక సోమవారమునాడు చుక్కలు పొడుచువరకు నక్తము, శనివారము ఒక్కపొద్దు, రంజాను నెలలో రోజా - ఇవి మన పల్లెలకు క్రొత్తవి కావు. అయితే ఇటీవల ఉపవాసమును గూర్చి మరియొక మాట వినవచ్చుచున్నది. దినములో కొన్ని గంటలపాటు ఆహారము మానినచో మెదడు చురుకగుననియు, ముసలితనమున మతిమరపు రాదనియు సెల్‌ఫోనులలో విరివిగా ప్రచారము జరుగుచున్నది. ఇందులో నిజమెంతయో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మెదడు మన శరీరపు బరువులో రమారమి నూటికి 2 పాళ్లు మాత్రమే. కాని శరీరము విశ్రాంతిగా నున్నప్పుడు ఖర్చగు శక్తిలో నూటికి 20 పాళ్లు అదియే తీసికొనును. సామాన్యముగా దాని ఇంధనము రక్తములోని గ్లూకోజు, అనగా చక్కెర. తిన్న అన్నములోని చక్కెరను కొంత కాలేయము గాదెలో ధాన్యమువలె నిలువ చేసికొనును. ఏమియు తినకున్నచో, చేయు పనినిబట్టి 12 మొదలు 36 గంటలలో ఆ గాదె తరిగిపోవును. అప్పుడు కాలేయము క్రొవ్వునుండి కీటోనులను తయారుచేయును. వారముల తరబడి ఆహారము లేనివారి మెదడు ఎక్కువభాగము ఈ కీటోనులతోనే పని నడుపుకొనునని 1967లో అమెరికాలో ఓవెన్, కాహిల్ మొదలగు వైద్యశాస్త్రజ్ఞులు నిరూపించిరి.

మన యిండ్లలో ఉపవాసమనగా అన్నము మాని ఉప్పుడుపిండి, అరటిపండ్లు, రెండు గంటల కొకమారు తీపి తేనీరు అని అర్థము! భక్తికి అందు లోటు లేదు గాని, గాదె మాత్రము ఎప్పటికప్పుడు నిండుచునే యుండును.

జ్ఞాపకశక్తి మాటకు వత్తము. ఎలుకలకు రోజు విడిచి రోజు ఆహారము పెట్టి, వాటి మెదడులో నాడీకణములను పోషించు ఒక మాంసకృత్తు హెచ్చుటను మార్క్ మాట్సన్ మొదలగువారు గమనించిరి. కాని ఎలుక ఆయుర్దాయము రెండుమూడేండ్లు. దానికి ఒకదినపు పస్తు మనకు ఒకదినపు పస్తువంటిది కాదు. జపాను శాస్త్రజ్ఞుడు యొషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమానము ఉపవాసమునకై వచ్చినదని కొందరు చెప్పుదురు. ఆహారము అందని ఈస్టు కణములు తమలోని భాగములను తామే జీర్ణించుకొని మరల వినియోగించుకొను విధమును విశదపరచినందులకు ఆయన కది లభించినది.

మనుష్యుల విషయమున 2024లో వెలువడిన ఒక పరిశోధన ఉన్నది. స్థూలకాయులును, ఇన్సులిను సరిగా పనిచేయనివారును అగు 40 మంది పెద్దవారిని తీసికొని, కొందరిచేత వారమునకు రెండుదినములు మిక్కిలి స్వల్పముగా తినిపించిరి. తక్కినవారికి నిత్యము మంచి ఆహారనియమము నిచ్చిరి. 8 వారములకు ఇరుపక్షముల వారికిని మేలు కనబడినది. జ్ఞాపకశక్తి మొదటి వారికి కొంచెము ఎక్కువగా మెరుగుపడినది. 40 మంది, 8 వారములు! ఆశ పుట్టించు ఫలితమే గాని, ఉపవాసము మతిమరపు వ్యాధిని ఆపునని ఎవ్వరును ఇంతవరకు నిరూపింపలేదు.

ఇక ముఖ్యముగా చెప్పవలసినది వేరొకటి కలదు. దేశములో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని 2023లో వైద్య పరిశోధనా మండలి సర్వే వెల్లడించినది. వారిలో ఇన్సులిను సూది వేసికొనువారు, గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు మాత్రలు మ్రింగువారు మందు వేసికొని అన్నము మానినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును, ఇంటివారినే గుర్తింపలేకపోవుదురు. దీనిని చూచి దేవుడు పూనినాడని కొందరు, ముసలితనపు చాదస్తమని కొందరు ఊరకుందురు. అట్లు ఊరకుండరాదు. తెలివి యున్నచో మూడునాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోటిలో ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను. ఇట్టి తీవ్రమైన పతనములు పెద్దవయసువారిలో మతిమరపు వ్యాధితో ముడిపడియున్నట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. జ్ఞాపకశక్తికై చేసిన ఉపవాసము ఉన్న జ్ఞాపకమునకే ఎసరు పెట్టవచ్చునన్నమాట!

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు, క్షయరోగులు, బక్కచిక్కిన వృద్ధులు దీని జోలికి పోరాదు. ఉదయమున గంజియైనను త్రాగక నాట్లకు పోవు కూలి స్త్రీ చేయునది ఉపవాసము కాదు, పస్తు. పస్తునకు శాస్త్రము పేరుపెట్టి మెచ్చుకొనుట నాకు సమ్మతము కాదు.

ఆరోగ్యవంతులు చీకటిపడక మునుపే భోజనముచేసి, మరునాటి ఉదయము వరకు ఏమియు తినకుండుట మన తాతలనాటి అలవాటే; దానిని తిరిగి పట్టుకొనుటకు ఖర్చు లేదు. మందులు వాడువారు మాత్రము ఏకాదశికో, రంజానుకో నాలుగు దినములు ముందుగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు మాత్రల అట్టలను వెంట తీసికొనిపోయి, ఆనాడు ఏ మాత్ర మానవలెనో, ఏది తగ్గింపవలెనో వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను.