మ్యాక్ ప్రోగ్రాంకు డిస్కు కట్టడం – నా అనుభవం (ప్రసంగ పాఠం)

స్కాలర్‌షిప్ అందుకుంటున్న మీ వరుసలో ఒకప్పుడు నేనూ కూర్చున్నవాణ్ణే. మా నాన్నగారు షోలాపూర్‌లో మరమగ్గం నడిపేవారు. పిల్లలకు పనికొచ్చే మాట చెప్పమన్నారు కనుక, నేను చేసిన పొరపాటు చెబుతాను.

దుప్పట్ల డిజైన్లను గ్రాఫ్ మీద గీసే ప్రోగ్రాం ఒకటి మ్యాక్ కంప్యూటర్‌కు రాశాను. మ్యాక్ ప్రోగ్రాంలను ఎక్కువగా డీఎంజీ అనే డిస్క్ ఇమేజ్‌లో పెట్టి ఇస్తారు. తెరిస్తే సీడీ పెట్టినట్టు డిస్కు కనబడుతుంది. అందులోంచి ప్రోగ్రాంను అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగాలి. నేను ప్రోగ్రాం ఒక్కటే అందులో పడేసి పంపాను. లాగాలని తెలియక డిజైనర్ బాబాయి ఒకరు డిస్కులోనే దాన్ని తెరిచి మూడు రోజులు పనిచేశారు. ఆ డిస్కు మీద రాయడం కుదరదు. నా ప్రోగ్రామేమో డిజైన్లను తన పక్కనే దాచేది, దాచలేకపోతే ఆ సంగతీ చెప్పేది కాదు. మూసేసరికి అంతా పోయింది. "మగ్గం మీద పోగు తెగితే కనబడుతుంది బాబూ, నీ దాంట్లో అదీ లేదు" అన్నారాయన.

తర్వాత పని సరిగ్గా నేర్చుకున్నాను. ముందు ప్రోగ్రాం మీద డెవలపర్ సంతకం వేయాలి. హెచ్‌డీఐయుటిల్ అనే ఆదేశంతో రాయడానికి వీలైన ఇమేజ్ చేసి, అందులో ప్రోగ్రాంను, పక్కన అప్లికేషన్స్‌కు షార్ట్‌కట్‌ను పెట్టాలి. నడుమ బాణం గీసిన నేపథ్య చిత్రాన్ని దాపుడు ఫోల్డర్‌లో ఉంచాలి. ఐకాన్లు ఎక్కడుండాలో ఫైండర్‌లో సర్దితే ఆ అమరిక డీఎస్ స్టోర్ అనే దాపుడు ఫైలులో నిలుస్తుంది. ఆపైన యూడీజడ్‌ఓ రూపంలోకి మారిస్తే ఇమేజ్ కుదించుకుని, మార్చరానిదవుతుంది. 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఆపిల్ వారి నోటరైజేషన్ కూడా కావాలి. దానికి సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, మనబోటివాళ్ళకు బరువే.

బాణం ఉన్నా చూడనివారు చూడరు. అందుకని డిజైన్లను డాక్యుమెంట్స్‌లో దాచేట్టు, దాచలేకపోతే వెంటనే చెప్పేట్టు ప్రోగ్రాంనే మార్చాను. అసలు మందు అదే.

పోయిన డిజైన్లను బాబాయి చెబుతుంటే నేనే మళ్ళీ గీశాను. కొత్త డిస్కు ముందు ఆయనకే ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాను. బాణం చూసి లాగారు. కాస్త ఆగి, "ఇప్పుడీ డిస్కు తీసేయొచ్చా?" అన్నారు. ఆ మాట నేను బొమ్మలో రాయనేలేదు.