పిడికెడు ధాన్యము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవ సభయందు బహుమతులు పొందిన బాలబాలికలను ప్రశంసించుట పరిపాటి. వారిని మనసార అభినందించుచున్నాము. అయితే బహుమతి కొరకు కాదుగదా, హాజరు పలుకుటకైనను బడికి రాజాలని పిల్లలను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మన బాబ్లీ ఆనకట్ట గేట్లను జులై 1వ తేదీన ఎత్తుదురు. అక్టోబరు 28 వరకు గోదావరి అడ్డులేక దిగువకు పారును. పిమ్మట గేట్లు దించుదురు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది మొదలు ఇదియే ఏర్పాటు. ఇచ్చట నీరు నిలుచు దినములలోనే మరాఠ్వాడా పల్లెలనుండి మనుషులు కదలిపోవుదురు. ఆలుమగలు జంటగా చెరకు నరకుటకు పశ్చిమ మహారాష్ట్రకును, కర్ణాటకకును వలసపోయి, వేసవి వచ్చువరకు తిరిగిరారు. పిల్లలును వారి వెంటనే పోవుదురు. తల్లి తోటలో నున్నంతసేపు పెద్దపిల్ల చిన్నవానిని చంకనెత్తుకొని గట్టుపై నిలుచును. ఇక్కడ హాజరు పట్టీలో ఆ పిల్ల పేరున కెదురుగా గైరుహాజరు గుర్తులు వరుసగా పడుచుండును.

ఈ పిల్లకు హక్కులు లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవరకు గల బిడ్డలకు ఉచిత విద్యను విధించినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. మధ్యాహ్న భోజన పథకమును కలదు. ఇవి సామాన్యమైన మేళ్లు కావు. అయినను, సాయంకాలము ఆ పిల్లకు అన్నము పెట్టువా రెవరు? ఇంటనున్న అవ్వకే పూట గడవనప్పుడు తల్లి బిడ్డను ఏ ధైర్యముతో విడిచిపోవును? పుస్తకము లేక కాదు, రాత్రి భోజనము లేక ఈ చదువులు ఆగిపోవుచున్నవి.

ఇట్టి కష్టమునకు ధనవంతులు వచ్చువరకు వేచియుండవలెనా? వేచియుండని పెద్దలు మన ప్రాంతమునకు కొత్తవారు కారు. 1956 నవంబరు 1కి పూర్వము మన నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ రాష్ట్ర రాజధానిలో భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిరి. హరికథలచేతను, ఉపన్యాసములచేతను ప్రజలను మేల్కొలిపిరి. ఉర్దూ రాజభాషగా నున్న ఆ నగరమున, అంటరానివారని వెలియైన కుటుంబముల బిడ్డలకై 1910లో ఇసామియా బజారునందు పాఠశాల పెట్టి తెలుగులో చదువు చెప్పించిరి. కాలక్రమమున అట్టి పాఠశాలలు ఇరువదికి మించినవి. చదువు పిల్లలు రెండువేలకు మించిరి. పేదలకై పేదలే పూనుకొని నడిపిన కార్యమది.

ఇక మహారాష్ట్రమున కర్మవీర భావురావు పాటిల్‌గారు 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించిరి. సాతారాలోని వారి వసతిగృహమున అన్ని కులముల పిల్లలును ఒకే పంక్తిని భుజించిరి. పిల్లలకు గ్రాసము కరవైనప్పుడు ఆయన భార్య లక్ష్మీబాయిగారు తమ నగలను, తుదకు మంగళసూత్రమును సైతము ఇచ్చివేసిరి. ఇంటింట పిడికెడు ధాన్యము కూర్చి వసతిగృహములను పోషించిన ఆ పద్ధతికి ‘ముష్టి ఫండు’ అని పేరు.

ఆ పేరు వినగానే మనకు సంకోచము కలుగును. తెలుగున ముష్టి యన్నచో భిక్షమనియే వాడుక. మూలమున దాని యర్థము పిడికిలి. ఒకే మాట యిట్లు రెండు త్రోవల పోయినది. ఇచ్చువాడు పైనుండి విసరినచో అది భిక్షము. పదిమందితో పాటు తన పాలును కలిపినచో అది పిడికిలి. ఇందు మనము చేయునది ఏదియో ముందుగా తేల్చుకొనవలెను.

లెక్క చెప్పెదము. ఒక పిడికెడు బియ్యము సుమారు 50 గ్రాములు. 40 ఇండ్లవారు దినమున కొక పిడికెడు తీసి యుంచినచో 2 కిలోలగును. పిల్లకు రాత్రిపూటకు 150 గ్రాముల వంతున 13 మందికి చాలును. దీపావళి మొదలు ఉగాదివరకు 150 దినములకు 300 కిలోలు. బియ్యము లేనివారు జొన్నలిచ్చినను సరియే. దీనికి కట్టడము వలదు, జీతగాండ్రు వలదు. వారమున కొకమారు సంచి పట్టుకొని తిరుగు నలుగురు చాలుదురు.

నియమములు మాత్రము గట్టిగా నుండవలెను. ధాన్యము అవ్వ యింటికి చేర్చవలెను గాని, పిల్లను వేదికపై నిలిపి ఫొటో తీయరాదు. వచ్చినదియు, పోయినదియు ప్రతి శనివారము బడి నల్లబల్లపై వ్రాయవలెను. ఇంట తెలుగు మాట్లాడుదురా, మరాఠీ మాట్లాడుదురా, ఏ కులమువారు అని అడుగరాదు. అల్పసంఖ్యాకులమైన మనము ఇంకొకరిని వేరుచేయుట తగదు. వలసనుండి వచ్చిన కుటుంబము తమకు వీలైననాడు తామును పిడికెడు వేయవచ్చును, వలదనరాదు.

ఇది ప్రభుత్వము చేయవలసిన పని గదా యని కొంద రందురు. నిజమే, అర్జీలు వ్రాయుట మానము. కాని అర్జీకి జవాబు వచ్చులోపల తరగతి దాటిపోవును. మధ్యలో అయిదు నెలలు పోయిన పిల్లకు తిరిగి వచ్చిన పిమ్మట గుణింతము అందదు, తోటివారు అందరు, తుదకు బడియే అందదు. పిల్లలు తగ్గిన తెలుగు బడి ఎంతకాలము నిలుచునో వేరుగా చెప్పనక్కరలేదు.

కావున ఈ రాత్రి వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు వేరుగా తీసి యుంచుడని తల్లులను ప్రార్థించుచున్నాము. సంచి పట్టుకొని తిరుగుటకు ఉపాధ్యాయులమైన మేము సిద్ధముగా నున్నాము. వచ్చు ఉగాదికి హాజరు పట్టీని మీ యెదుట తెరచి చూపెదము.

సెలవు.